కుంతార్తో, మిత్రులు

బు ముర్తి రాసిన వ్యాసం అచ్చయినప్పుడు దాని మీద మూడు పేర్లున్నాయి. మొదటిది ప్రొఫెసర్ కుంతార్తో. రెండోది అప్పటి డీన్. చివర ముర్తినింగ్‌సిహ్, అంటే బు ముర్తి. రాసింది ఆ చివరి మనిషి ఒక్కతే. మిగతా ఇద్దరూ అందులో ఒక కామా కూడా పెట్టలేదు.

ముగ్గురు రచయితలుంటే మా దేశంలో పండితులు మొదటి పేరొక్కటే రాసి, పక్కన 'మిత్రులు' అని పెట్టి వదిలేస్తారు. కాబట్టి ఆ వ్యాసాన్ని ఎవరు ఎక్కడ ఉదహరించినా 'కుంతార్తో, మిత్రులు' అనే రాశారు. జకార్తాలో రాశారు, మకస్సార్‌లో రాశారు, బయటి దేశాల్లో కూడా ఒకరిద్దరు రాశారు. ఒక వర్షాకాలమంతా ఎక్కడో దూరపు దీవిలో పడి ఉండి, మలేరియా తెచ్చుకుని మరీ రాసిన మనిషి, అచ్చయిన రోజు నుంచి మిత్రుల్లో కలిసిపోయింది.

నాకు ఈ సంగతి తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచాయి. అప్పటిదాకా నేను కుంతార్తో గారి భక్తుణ్ణి.

జోగ్జాలో యూనివర్సిటీ క్యాంపస్ వెనక గేటు ఎదురుగా మా జిరాక్స్ షాపు. నేను ఆ గేటు లోపల ఒక్క క్లాసులో కూడా కూర్చోలేదు. హైస్కూలు అయ్యాక నాన్నకి నడుము పట్టేసింది, షాపు నా మీద పడింది. చదువుకున్నదంతా మెషిన్ దగ్గర నిలబడి చదువుకున్నదే. పేజీ అద్దం మీద పెట్టి, వెలుతురు ఆ చివరి నుంచి ఈ చివరికి పోయేలోపు ఒక పేరా చదివెయ్యొచ్చు. విద్యార్థులు పరీక్షల కోసం కట్టలు కట్టలు తీయించుకునేవాళ్ళు. ఆ కట్టల్ని వాళ్ళు మళ్ళీ విప్పేవాళ్ళు కాదు. చదువు పూర్తయ్యి గది ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాల వాడికి అమ్మితే, నేను పెట్టిన పిన్నులు పెట్టినట్టే ఉండేవి. పట్టాలు మాత్రం వాళ్ళకొచ్చాయి.

'బతాస్ సముద్ర' మా షాపులోనే అచ్చయ్యేది. పేరుకి అర్థం సముద్రపు హద్దు. దేశ రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాల మీద యూనివర్సిటీలో ఆ విభాగం వాళ్ళు ఏడాదికి రెండుసార్లు తెచ్చే పత్రిక. నీలం అట్ట, లోపల పలచటి కాగితం. దాన్ని చదివేవాళ్ళకంటే అందులో రాసేవాళ్ళే ఎక్కువమంది. ఉద్యోగంలో మెట్టెక్కాలంటే వ్యాసం కావాలి, వ్యాసానికి పత్రిక కావాలి. అందుకోసమే ఉందది.

ఆ పత్రిక పాత సంచికలో చదివాను ఆ వ్యాసం, రోటే మీద రాసింది. రోటే మా దేశానికి దక్షిణపు కొసన ఉన్న దీవి. అక్కడి జాలర్లు తాతల కాలం నుంచి ఇంకా దక్షిణానికి, ఆస్ట్రేలియా వైపు పోయి గవ్వలు, సొరచేపలు తెచ్చుకునేవాళ్ళు. తర్వాత రెండు దేశాల పెద్దలూ కూర్చుని నీళ్ళ మీద గీత గీసుకున్నారు. గీతకి అవతల కొంత మేర, తాతల పద్ధతిలో, తెరచాప పడవ మీద వస్తే రానిస్తారు. పడవకి ఇంజన్ బిగించుకుని వస్తే నేరం. పట్టుకుని పడవ తగలబెడతారు, మనిషిని జైల్లో పెడతారు. వ్యాసం చివర ఇలా ఉంది: 'మీ తాత ఎంత పేదవాడో నువ్వూ అంత పేదవాడిగా ఉన్నంతకాలం ఈ సముద్రం మీద నీకు హక్కుంది. కొంచెం బాగుపడ్డావా, దొంగవి.'

మెషిన్ ఆపేసి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. ఇలా రాయగలిగినవాడు ఎలాంటివాడై ఉంటాడో అనుకున్నాను. కుంతార్తో గారి తెల్ల కారు గేటు దాటుతుంటే ఆయన చూసినా చూడకపోయినా లేచి నిలబడేవాణ్ణి.

బు ముర్తి మా షాపుకి తరచూ వచ్చేది. బు అంటే అమ్మ. పెద్దావిడ ఎవరైనా మాకు అమ్మే. పొట్టి మనిషి, పాత స్కూటీ. హెల్మెట్ తీస్తే తలగుడ్డ మళ్ళీ మొదట్నుంచి సర్దుకోవాలని షాపులో కూడా హెల్మెట్‌తోనే కూర్చుని ప్రూఫులు చూసేది. చేతిసంచిలో ఎప్పుడూ సోయాగింజల టెంపే బజ్జీలు, వాటితో కొరుక్కోవడానికి పచ్చిమిరపకాయలు. నూనె చెయ్యి కాగితానికి తగలకుండా బజ్జీని ఎడమ చేత్తో తినేది, అలా తినడం మాలో తప్పయినా సరే. పత్రిక పనంతా ఆవిడదే. సంపాదకుడుగా పేరు మాత్రం ఎవరు విభాగాధిపతి అయితే వాళ్ళది.

"ఇది రాసినాయన చాలా గొప్పవాడమ్మా," అన్నాను ఒకరోజు, ఆ పాత సంచిక చూపించి.

కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏం నచ్చింది నీకు?"

తాత మాట అప్పజెప్పాను.

"ఆ మాట రోటేలో ఒకావిడ అంది. మొగుడు అవతల జైల్లో ఉన్నాడు. వల అల్లుకుంటూ అంది. పేరు రాయొద్దు, పోలీసులొస్తారు అంది. నేను దాన్ని కాస్త సర్ది రాశాను, అంతే."

"మీరు రాశారా?"

"ప్రూఫ్ చూడనీ ఆజీ. ఇక్కడ చూడు, పేజీ నంబరు ఎగిరిపోయింది."

ఆరోజు ఇంకేమీ చెప్పలేదు. నాకు మాత్రం అర్థమయింది. కుంతార్తో గారి కారు వచ్చినప్పుడు లేచి నిలబడటం మానేశాను. ఆయన గమనించి ఉండడు. లేచినప్పుడూ గమనించలేదు కదా.

ఆవిడకి కాదనడం రాదు. పత్రిక నడిపేవాళ్ళకి ముఖ్యంగా రావలసిన పని అదొక్కటే. పనికిరాని వ్యాసం వస్తే తిప్పి పంపాలి. బు ముర్తి ఎలా తిప్పి పంపేదంటే, 'మీ రచన చదవగలగడం మాకు దక్కిన గౌరవం. ఇంత విలువైన వ్యాసానికి మా చిన్న పత్రిక సరితూగుతుందా అని మా బెంగ. తమరికి తీరిక దొరికినప్పుడు దీని మీద మరోసారి దృష్టి పెడితే మా భాగ్యం' అని రాసేది. మావాళ్ళలో చాలామందికి అర్థమయ్యేది, ఊరుకునేవాళ్ళు. ఒకసారి సెమరాంగ్ నుంచి ఒక లెక్చరర్ బస్సెక్కి వచ్చేశాడు, చేతిలో వెదురు కొమ్ములు కూరి వేయించిన లుంపియాల పెట్టె పెట్టుకుని. ఆవిడ మా షాపులో ఉందని తెలిసి నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించానమ్మా. ఇంతకీ ఏ సంచికలో వస్తోంది?"

బు ముర్తి ఆ పెట్టె వంక చూసింది. నా వంక చూసింది. "వచ్చే సంచికలో చూద్దామండీ," అంది.

ఆయన వెళ్ళాక నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆ వ్యాసం ముందేసుకుని మొదటి వాక్యం నుంచి తనే తిరగరాసింది. సెలవులన్నీ దానికే పోయాయి. అచ్చయింది. దాని మీద ఆయన పేరొక్కటే ఉంది.

"మీ పేరు కూడా వెయ్యాల్సింది," అన్నాను.

"ఎందుకు? లుంపియాలు తెచ్చాడుగా."

"బాగున్నాయా?"

"వెదురు కొమ్ముల వాసన ఎక్కువైంది."

ఇలా ఎంతమంది వ్యాసాలు రాసిందో నాకు తెలుసు, ప్రూఫులు నా చేతుల మీదుగానే పోయాయి కాబట్టి. ఆ మనుషులు ఒక్కొక్కరే మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆవిడకి మళ్ళీ తన వ్యాసం తను రాసుకునే తీరిక దొరకలేదు. రోటే తర్వాత ఏమీ లేదు. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ మెట్టు మీద ఉందో, రిటైరయ్యే ముందు కూడా దాదాపు అక్కడే ఉంది.

ఆఖరి ఏడాది రాగానే విభాగాధిపతి పిలిచి చెప్పాడట: మొదటి పేరుగా మీ పేరున్న మంచి వ్యాసం ఒక్కటి చూపిస్తే పై మెట్టుకి పంపుతాం, వెళ్ళేటప్పుడైనా పెద్ద హోదాతో వెళ్ళొచ్చు అని. ఇది చెప్పడానికి షాపుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఈసారి హెల్మెట్ తీసింది.

"రోటే వ్యాసానికి దిద్దుబాటు వెయ్యొచ్చు ఆజీ. పత్రిక మనదేగా. 'రచయితల వరుసలో పొరపాటు జరిగింది' అని నాలుగు లైన్లు. అయితే పాత రచయితలు ఒప్పుకోవాలి. డీన్ గారు పోయారు. కుంతార్తో గారు ఒక్కమాట అంటే చాలు."

హోదా కోసం ఆవిడ అంత ఆశపడుతోందని నేననుకోలేదు. హోదా ఒక సాకు. ఆ వ్యాసం తనదని ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి, అది కావాలి ఆవిడకి. ఇన్నేళ్ళూ అడగడానికి కారణం దొరకలేదు, ఇప్పుడు దొరికింది.

"వెళ్ళి అడగండి. దొంగిలించినవాడు తిరిగిచ్చెయ్యాలి."

"దొంగిలించలేదు ఆజీ."

"మరేమిటి, అరువు తీసుకున్నాడా?"

"ఆయన పేరు రాసింది నేనే. నా పేరు పైన, నా చేత్తోనే రాశాను."

ఆవిడ సంచిలోంచి బజ్జీ తీసి, తినకుండా పట్టుకుంది.

"మీ ఇంటి ముందు నుంచి తెలిసినవాళ్ళు పోతుంటే మీ అమ్మ ఏమంటుంది?"

"లోపలికి వచ్చి వెళ్ళండి అంటుంది."

"వాళ్ళేమంటారు?"

"ఇంకోసారి వస్తాం అని పోతారు."

"వచ్చేస్తే?"

"ఎవరొస్తారమ్మా నిజంగా? వస్తే ఇంట్లో టీ పొడి ఉందో లేదో చూసుకోవాలి."

"చూసుకోవాల్సొచ్చింది నాకు. ఆయన అప్పుడు విభాగాధిపతి, నేను కొత్తగా వచ్చినదాన్ని. పెద్దాయన పేరు పెట్టకుండా ఇస్తే బాగుండదని పెట్టాను. ఆయన 'ఛ ఛ, నీ కష్టం అంతా, నా పేరెందుకు' అనాలి. నేను 'ఉండనివ్వండి' అనాలి. ఆయన మళ్ళీ వద్దనాలి. చివరికి నేను ఆయన పేరు కింద కృతజ్ఞతల్లో వేసుకోవాలి. అందరూ అలాగే చేస్తారు. ఆయన మొదటి పేజీ చూసి, 'సరే, థాంక్స్' అన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాక డీన్ గారిని కూడా కేకేశాడు."

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. "లేచి వెళ్ళమని చెప్పాల్సింది."

"మీ అమ్మ చెబుతుందా?"

"మా అమ్మ ప్రొఫెసర్లని పిలవదు."

"అదృష్టవంతురాలు," అని బజ్జీ నోట్లో పెట్టుకుంది.

కుంతార్తో గారిల్లు మెరాపి అగ్నికొండ వైపు, చల్లటి చోట. ఆవిడ స్కూటీ ఆ ఎత్తు ఎక్కదు, అందుకని నా బండి మీద తీసుకెళ్ళాను. నిజానికి బండి లేకపోయినా వెళ్ళేవాణ్ణి. ఆ మనిషి ముఖం దగ్గర్నుంచి చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. ఆయనకి షుగరని, తీపి లేకుండా ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు పట్టుకుంది ఆవిడ.

ఆయన వసారాలో గువ్వల పంజరాల మధ్య కూర్చుని ఉన్నాడు. గళ్ళ లుంగీ, కాలికి కట్టు. నేననుకున్న ముఖం కాదు. ఎవరింట్లోనైనా ఉండే తాత ముఖం. మమ్మల్ని చూసి నిజంగానే సంతోషపడ్డాడు. పనిమనిషిని పిలిచి టీ తెప్పించాడు. తర్వాత మోకాలి గురించి, డాక్టర్ల గురించి, ఈసారి మంత్రి అయిన తన పాత శిష్యుడు ఫోను ఎత్తకపోవడం గురించి చెప్పాడు. ఒక గువ్వని చూపించి, ఇది కూయడం మానేసింది, కొండ కక్కిన బూడిద పడ్డప్పట్నుంచి అన్నాడు. బు ముర్తి అన్నిటికీ "అవునండీ, అలాగేనండీ" అంటోంది. టీ చల్లారిపోయింది. ఉప్పు గుడ్లు బల్ల మీద ఉన్నాయి. అడగాల్సిన మాట ఆవిడ నోట్లోనే ఉంది.

నేను ఆగలేకపోయాను.

"రోటే ఎలా ఉంటుంది సార్?"

ఆయన నావైపు తిరిగాడు. "నేను వెళ్ళలేదు నాయనా. ముర్తి వెళ్ళింది. ఎందుకూ?"

"పేరు మీది ముందుంటే, మీరే వెళ్ళారనుకున్నాను."

బు ముర్తి చెయ్యి నా మోకాలి మీద పడింది, గట్టిగా. ఆయనకి కోపం రాలేదు. వేళ్ళతో పంజరం కడ్డీలు సవరించాడు.

"తనే పెట్టింది. కదూ ముర్తీ?"

"అవునండీ."

"ఆ రోజు నాకు బాగా గుర్తు. రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఇలాంటిది నేను ఈ జన్మకి రాయలేననిపించింది. పొద్దున వద్దందామనే నోరు తెరిచాను. సరే అని వచ్చింది." ఆవిడ వైపు తిరిగాడు. "నా పేరు మీద ఉన్నవాటిలో జనం ఇప్పటికీ చదివేది అదొక్కటే. నీకు తిరిగి కావాలా? కావాలంటే చెప్పు. ఇప్పుడే రాసిస్తాను."

ఇన్నేళ్ళకి ఆ మాట దానంతటదే వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"అయ్యో, అలాంటిదేమీ లేదండీ. ఊరికే చూసిపోదామని వచ్చాం," అంది బు ముర్తి.

"సరే అయితే," అన్నాడు ఆయన. గువ్వకి గింజలు వెయ్యడం మొదలుపెట్టాడు.

కొండ దిగుతుంటే నేను బండిని కావాలనే గుంతల్లోంచి పోనిచ్చాను. ఆవిడ వెనక నుంచి నా చొక్కా పట్టుకుని కూర్చుంది. పాల కేంద్రం దాటాక అంది, "రెండోసారి అంటాడనుకున్నాను."

"మీరు మారరు."

"ఆయన మాత్రం మారాడా?"

"నవ్వొస్తోందా మీకు?"

"ఏడిస్తే నీ చొక్కా తడుస్తుంది. రోడ్డు చూసి నడుపు."

ఆ వారమంతా నాకు అందరి మీదా కోపమే. కాగితం ఇరుక్కుంటే మెషిన్‌ని తన్నాను. ఆయన ఒక్కమాట అదనంగా అనలేదు, ఈవిడ ఒక్కమాట తక్కువగా చెప్పలేదు. ఈ మర్యాదల మధ్య ఒక మనిషి పని మొత్తం కొట్టుకుపోయింది, పోయిందని ఎవరూ అనడానికి కూడా లేదు.

అప్పుడొచ్చింది వెనింగ్. విభాగంలో కొత్త లెక్చరర్, బు ముర్తి దగ్గరే చదువుకున్న అమ్మాయి. దేశం పడమటి కొసన ఆచే తీరానికి కొట్టుకొచ్చిన శరణార్థుల పడవల్ని అక్కడి జాలర్లు ప్రభుత్వం వద్దంటున్నా ఎలా ఒడ్డుకు లాగారో, ఎప్పట్నుంచి లాగడం మానేశారో, అది రాసింది. జకార్తాలో పెద్ద పత్రికకి పంపబోతోంది. ముందు ఒక కాపీ తీసిమ్మంది. మెషిన్ వెలుతురు ఈ చివరికి వచ్చేలోపు మొదటి పేజీ పైభాగం చదివాను. పైన రెండు పేర్లు. ముర్తినింగ్‌సిహ్. దాని కింద వెనింగ్.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే. అమ్మ చదివి, అక్కడక్కడా బాణం గుర్తులు పెట్టారు."

"మరి పేరు ముందెందుకు?"

"ఆవిడకి ఇదే ఆఖరి ఏడాది కదండీ. నేను ఇంకోటి రాసుకుంటాను." కాగితాలు సర్దుకుంటూ కాస్త గొంతు తగ్గించింది. "ఎలాగూ వద్దంటారనుకోండి. కానీ పెట్టకుండా ఇస్తే బాగుండదు."

అదే సాయంత్రం నా ఎదుటే ఇచ్చింది. బు ముర్తి మొదటి పేజీ చూసింది. చాలాసేపు చూసింది. "ఛ ఛ, నా పేరెందుకు" అనలేదు. "ఇంటికి తీసుకెళ్ళి చూస్తాను," అని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వెనింగ్ ముఖం పాలిపోయింది. తర్వాత రోజూ వచ్చి అడిగేది, "అమ్మ వచ్చారా? ఏమైనా అన్నారా?" అని. రాలేదు. ఎప్పుడూ షాపు తీయగానే గేటు దగ్గర కనిపించే స్కూటీ కనిపించలేదు. ఆ వ్యాసంతో ఆవిడకి హోదా వచ్చేస్తుందని నాకు తెలుసు. ఆవిడకి రావాల్సింది ఇలాగైనా వస్తే తప్పేమిటని ఒకసారి, ఆవిడ కూడా చెప్పులు విప్పేస్తుందేమోనని ఒకసారి అనిపించేది. రెండో ఆలోచన వచ్చినప్పుడు గేటు వైపు చూడటం మానేసేవాణ్ణి.

వర్షం పడుతున్న రోజు వచ్చింది. రెయిన్‌కోటు కూడా విప్పలేదు. వెనింగ్ అక్కడే ఉంది. ఆవిడ కాగితాలు అద్దం బల్ల మీద పెట్టింది.

"నా పేరు తీసెయ్."

"లేదమ్మా, ఉండనివ్వండి. మీరు లేకపోతే..."

"వద్దు."

ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు. వెనింగ్ కూడా విని ఉండదు. ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"నేను రాయలేదు. ఆచే ఎటువైపు ఉందో కూడా మ్యాప్ చూసి చెప్పాలి. నాది కాదిది, వద్దు."

ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా అమ్మా? కోపమొచ్చిందా?"

"కోపం లేదు. నువ్వు మాత్రం ఇంకోసారి అడక్కు తల్లీ. అడిగితే ఒప్పుకునేలా ఉన్నాను."

వెనింగ్ ఏడుస్తూనే ఆవిడ చేతిని మా పద్ధతిలో నుదుటికి ఆనించుకుని వెళ్ళిపోయింది. బు ముర్తి స్టూలు మీద కూలబడింది. రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారి నేలంతా మడుగయింది.

"ఇన్నిరోజులూ ఆ మొదటి పేజీ తప్ప రెండోది తిప్పలేదు ఆజీ. నా పేరు ముందుంటే ఎలా ఉంటుందో చూస్తూ కూర్చున్నాను."

"ఎలా ఉంది?"

"బాగుంది. చాలా బాగుంది."

నేను కాగితాలు తడవకుండా లోపల పెట్టాను.

ఆవిడ చూసిన ఆఖరి సంచికలో అట్ట లోపలివైపు కొత్త నియమం ఒకటి వేసింది: వ్యాసం మీద పేరున్న ప్రతి ఒక్కరూ అందులో ఏ భాగం ఎవరు రాశారో, ఎక్కడికి ఎవరు వెళ్ళారో విడివిడిగా రాసి పంపాలి. ఒకరి తరఫున ఇంకొకరు రాయకూడదు. ఈసారి వాక్యాల్లో గౌరవం, భాగ్యం, బెంగ ఏమీ లేవు. ఆ నియమం చూసి విభాగంలో కొందరు, ముసలావిడకి పొగరు పట్టింది అన్నారు. తర్వాతి సంచికకి వ్యాసాలు సగానికి సగం తగ్గాయి.

వెనింగ్ వ్యాసం జకార్తాలో వచ్చింది, ఆమె ఒక్క పేరుతోనే. అందులో రోటే వ్యాసాన్ని ఉదహరిస్తూ, ముర్తినింగ్‌సిహ్ పేరు ముందు పెట్టి రాసి పంపిందట. అక్కడి సంపాదకులు మర్యాదగా ఉత్తరం రాసి, పద్ధతి ప్రకారం సరిచేశారు. 'కుంతార్తో, మిత్రులు' అని వచ్చింది.

బు ముర్తి ఉన్న మెట్టు మీదే రిటైరైంది. వీడ్కోలు సభలో ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆవిడ ఓర్పు గురించే మాట్లాడారు.

తర్వాత మా షాపు కూడా నడవలేదు. ఇప్పుడు ఎవరూ కాగితం మీద చదవరు. చదవకపోవడం కూడా ఫోనులోనే చేస్తున్నారు. మెషిన్లు అమ్మేశాం. దూరాన బతామ్ దీవిలో ఓడలు కట్టే చోట పని దొరికింది. బయల్దేరే ముందు రోజు ఏదో పని మీద బంతుల్ వైపు వెళ్తుంటే ఆవిడ ఇల్లు దారిలో పడింది. గేటు ముందు ఈనెల చీపురుతో మామిడాకులు ఊడుస్తోంది. నన్ను చూసి తలెత్తింది.

"లోపలికి వచ్చి వెళ్ళు ఆజీ!"

"ఇంకోసారి వస్తానమ్మా," అన్నాను, అలవాటుగా. బండి ఆపలేదు, నెమ్మది చేశానంతే.

ఆవిడ చీపురు కింద పడేసి రోడ్డు మీదికి వచ్చి నా బండి హ్యాండిల్ పట్టుకుంది.

"ఊరికే అనడం లేదు. టీ పొడి ఉంది. దిగు."